నడిగడ్డలో తుంగభద్ర వెంట

పాలమూరులో ఇంగ్లీషోళ్ల కాలం ఆనవాళ్లు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలని ఎవరైనా అడిగితే, నేను తుంగభద్ర ఒడ్డుకే వెళ్లమంటాను. దొరల బంగ్లాల కోసం వెతికితే ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు. ఏలింది నిజాం, ఆయన కింద గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలు. అయినా ఈస్టిండియా కంపెనీ లెక్కల బరువు ఈ నేల కూడా మోసింది. అది చూద్దామనే మా బావతో కలిసి నడిగడ్డ తిరిగి వచ్చాను.

కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే రైలెక్కితే గద్వాలలో దిగొచ్చు. బస్సు కన్నా ఇదే హాయి. కృష్ణ మీద వంతెన దాటితే నడిగడ్డ మొదలైనట్టే. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ ఈ గడ్డ. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ, వేడినీళ్లు వస్తాయని చెప్పి పొద్దున ఒక్క బకెట్ కూడా ఇవ్వలేకపోయారు. పిల్లలతో వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందే కుళాయి తిప్పి చూసుకోండి. భోజనానికి మాత్రం ఢోకా లేదు. పొయ్యి మీద నుంచి తీసి నేరుగా కంచంలో వేసిన జొన్నరొట్టె, పచ్చిమిర్చి పచ్చడి తిన్నాక బావ ఇంకో హోటల్ మాటెత్తలేదు.

పెద సోమభూపాలుడు కట్టించిన గద్వాల కోటలో ఇప్పుడు డిగ్రీ కాలేజీ నడుస్తోంది. తరగతులు అయిపోయాక సాయంత్రం వెళ్తే నిదానంగా చూడొచ్చు. చెన్నకేశవస్వామి గుడి బాగుంది. గోడల మీద మొలిచిన చెట్లు చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. వనపర్తి రాజభవనంలోనూ పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. తీరిక ఉంటేనే అటు వెళ్లండి.

మా అసలు ప్రయాణం రాజోలి వైపు. బస్సులు తక్కువ కాబట్టి కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ సగం దారిలో రేటు పెంచాడు. ముందే అన్ని ఊళ్ల పేర్లూ చెప్పి బేరం ఖాయం చేసుకోండి. రాజోలి నేతగాళ్ల ఊరు. 2009 వరదలో మునిగి చాలా నష్టపోయింది. అక్కడికి దగ్గర్లోనే సుంకేసుల బ్యారేజీ.

ఈ నది సరిహద్దుగా మారడం వెనక పెద్ద కథే ఉంది. 1798లో నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అలా తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో తుంగభద్రకు దక్షిణాన ఉన్న బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు వదులుకున్నాడు. 1839లో కర్నూలు నవాబును కూడా దించేసి కంపెనీ ఆ రాజ్యాన్ని కలిపేసుకుంది. అంతటితో ఆగలేదు. ఇంగ్లీషు అధికారుల చేతి కింద ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం జీతాలు బాకీ పడ్డాయని చెప్పి 1853లో బీరారుతో (ఇప్పటి మహారాష్ట్రలోని ప్రాంతం) పాటు రాయచూరు అంతర్వేదిని, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ నేలను కూడా తీసుకున్నారు. అంతర్వేదిని 1860లో తిరిగిచ్చారు. ఆ అంతర్వేది తూర్పు కొసే ఈ నడిగడ్డ. తమకు అక్కర్లేని సైన్యానికి తమ పంటలోంచే జీతం కట్టిన రైతుల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

సుంకేసుల దగ్గర ఆ సరిహద్దు కంటికి కనిపిస్తుంది. 1860ల్లో ఇక్కడ ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువ తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. వాటాదార్లు ఇంగ్లండ్ వాళ్లు, పది లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ వస్తుందని హామీ ఇచ్చింది ఇక్కడి సర్కారు. అంటే కాలువ పండినా ఎండినా వడ్డీ కట్టేది మన జనమే. కంపెనీ నష్టాల్లో నడిచింది, చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. ఈ మధ్యలోనే 1876-78 కరువు కర్నూలు సీమను ఊడ్చేసింది.

ఆ కాలువ కుడి ఒడ్డుకే. ఎడమ ఒడ్డున ఉన్నది నిజాం రాజ్యం, అందుకని నీళ్లు కళ్లముందే పారుతున్నా ఇటు పొలాలకు అందలేదు. స్వాతంత్ర్యం తర్వాత ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువ వచ్చింది. నడిగడ్డలో 87,500 ఎకరాలకు నీళ్లని చెప్పారు కానీ చివరి ఊళ్లకు సరిగా చేరలేదు. గట్టు మీద మేకలు కాస్తున్న ఒక పెద్దాయన "ఆనకట్ట చూడనీకి వచ్చిండ్రా సారూ? మా తాతల కాడినుంచి చూస్తనే ఉన్నం, నీళ్లు మాత్రం అటే పోతున్నయ్" అన్నాడు. 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల మొదలైంది. ఇప్పుడు సుంకేసుల వెనక నీటినే పంపులతో తోడి ఆర్డీఎస్ కాలువలోకి వదులుతున్నారు. నూటయాభై ఏళ్ల నాటి ఆనకట్ట చోటు నుంచి ఎడమ ఒడ్డుకు నీళ్లు రావడానికి ఇంతకాలం పట్టింది.

బ్యారేజీ దగ్గర నీడ లేదు, టీకొట్టు కూడా మాకు కనిపించలేదు. నీళ్లు, టోపీ వెంట ఉంచుకోండి. ఎండాకాలం అస్సలు వద్దు.

రాత్రికి అలంపురం చేరితే మేలు. పర్యాటక శాఖ హోటల్ ప్రశాంతంగా ఉంటుంది, భోజనం ముందే చెప్పాలి. చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు పొద్దున్నే చూడాలి. గది దొరక్కపోతే కర్నూలు దగ్గరే, అక్కడ లాడ్జీలకు కొదవలేదు. కొండారెడ్డి బురుజు కూడా చూసినట్టవుతుంది. గద్వాల, రాజోలి, సుంకేసుల, అలంపురం, కర్నూలు. ఈ వరుసలో వెళ్తే వెనక్కి తిరిగే పని ఉండదు, కర్నూలులోనే తిరుగు రైలు ఎక్కొచ్చు.