కంట్రీ మెంబర్‌షిప్ కోసం స్కాట్లాండ్ తిరిగాం: ఎక్కడ కట్టాం, ఎక్కడ కట్టలేదు

స్కాట్లాండులో ఒక గోల్ఫ్ క్లబ్బు, ఏడాది చందా 640 పౌండ్లు. చేరేటప్పుడు ఒకేసారి కట్టే ఫీజు 750. బార్ కార్డులో ముందే వేసి ఉంచాల్సింది ఇంకో 100. మొదటి ఏడాది మనిషికి 1,490 పౌండ్లు వదులుతాయన్నమాట. ఇంతా కట్టాక శనివారం పొద్దున మాకు టీ టైం (ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే వేళ) ఉండదన్న సంగతి మాత్రం ఆ క్లబ్బు ఆఫీసులో ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. ఆ మంట ఇంకా చల్లారలేదు గనకే ఇదంతా రాస్తున్నాను.

నేనూ మా ఆయనా ఇంగ్లండులో ఒక మామూలు క్లబ్బులో సభ్యులం. బంకమట్టి నేల. నవంబరు వచ్చిందంటే మార్చి దాకా ఆడింది తక్కువ, బూట్లు కడుక్కున్నది ఎక్కువ. స్కాట్లాండ్ తీరంలో లింక్స్ అనే గోల్ఫ్ కోర్సులు ఇసుక నేల మీద ఉంటాయి. నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయి, చలికాలం కూడా పొడిగానే ఆడుకోవచ్చు. అక్కడి చాలా క్లబ్బుల్లో దూరపు ఊళ్ళవాళ్ళ కోసం కంట్రీ మెంబర్‌షిప్ ఉంటుంది. మన ఇల్లు క్లబ్బుకు 50 మైళ్ళో 100 మైళ్ళో అవతల ఉండాలి, ఒక్కో క్లబ్బుది ఒక్కో లెక్క. వేరేచోట పూర్తి సభ్యత్వం ఉండాలని కూడా కొందరు అడుగుతారు. ఇవి కుదిరితే స్థానికులు కట్టే చందాలో సగమో ఇంకా తక్కువో కట్టి చేరొచ్చు. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి నాలుగేసి రోజులు ఆడుకు రావాలని మా ఆశ.

మా మరిది కూడా బయల్దేరాడు. అతనికి గోల్ఫ్ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కారు తను నడుపుతాడు, తిండి ఖర్చు మాది, అదీ ఒప్పందం. అద్దె కారు రోజుకు 53 పౌండ్లు. కౌంటరు దగ్గర రోజుకు 22 పౌండ్ల ఇన్సూరెన్సు అంటగట్టబోతే మా ఆయన ఇంట్లోనే తీసుకున్న ఏడాది పాలసీ చూపించి తప్పించుకున్నారు.

గోల్ఫుకు పేరుమోసిన ఊరు సెంట్ ఆండ్రూస్ గురించి ఒక్క మాట. ఓల్డ్ కోర్సులో ఆడటానికి ఏ క్లబ్బులోనూ చేరక్కర్లేదు. అది ప్రజల కోర్సు, ఒక ట్రస్టు నడుపుతుంది. హ్యాండికాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) రుజువు చూపించి రెండు రోజుల ముందు బ్యాలట్‌లో, అంటే లాటరీలో, పేరు వేసుకోవడమే. మా పేర్లు రాలేదు. ఆదివారం అక్కడ ఆట ఉండదు, ఊళ్ళోవాళ్ళు పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని నడుస్తారు. మేమూ నడిచి స్విల్కన్ బ్రిడ్జి అనే అక్కడి పాత రాతి వంతెన మీద ఫొటో దిగి వచ్చాం. పైసా ఖర్చు లేదు.

నార్త్ బెర్విక్‌కి ఎడిన్‌బరో నుంచి రైల్లో అరగంట పైచిలుకు ప్రయాణం. పదమూడో హోల్లో గ్రీనుకు (గుంత ఉండే నున్నటి పచ్చికకు) ముందు పాత రాతిగోడ అడ్డంగా ఉంటుంది, బంతి దాని మీదుగా లేపాల్సిందే. నేను లేపాను, మా ఆయన లేపలేకపోయారు. రోజంతా ఆ గోడ ఊసే. పక్క ఊరు గలన్ మీదుగా వెళ్తే మ్యూర్‌ఫీల్డ్ అనే పేరున్న గోల్ఫ్ కోర్సు కనిపిస్తుంది. ఆ కోర్సు సొంతదారైన సంఘం 1744లో పుట్టింది. ఆడవాళ్ళను చేర్చుకోవడానికి 2017లో ఓటేసింది, 2019లో మొదటి మహిళా సభ్యులొచ్చారు. లెక్కేస్తే 275 ఏళ్ళు. మా మరిది కారు కాస్త నెమ్మది చేసి, "అడుగుదామా వదినా?" అన్నాడు. పోనిమ్మన్నాను.

ఇక అసలు విషయం. మేం మొదట మనసు పెట్టుకున్న క్లబ్బు ఇంకోటి, తూర్పు తీరంలోదే. పేరు రాయను. ఫోన్లో అంతా తీయగా మాట్లాడారు. మనిషి ఎదురుగా కూర్చున్నాక తీరు వేరు. ప్రశ్న నేను అడుగుతాను, ఆ ఆఫీసాయన జవాబు మా ఆయనకు చెప్తాడు. చందా ఎంతని నేనడిగితే మా ఆయన మొహం చూసి 640 అన్నాడు. లాకరుందా అంటే మా ఆయన మొహం చూసి ఉందన్నాడు. కాసేపటికి మా ఆయన కావాలనే లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. అప్పుడు ఆ ఆఫీసాయన కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు!

కంట్రీ మెంబరు ఎన్ని రోజుల ముందు టీ టైం బుక్ చేసుకోవచ్చు? ఏడు రోజులట. మరి డబ్బు కట్టి ఆడిపోయే విజిటరు? వచ్చే వేసవికి ఇప్పుడే చేసుకోవచ్చట. అంటే ఒక్క రౌండుకు 140 పౌండ్లు గ్రీన్ ఫీజు కట్టే బయటివాడు వచ్చే జూన్‌లో తనకు నచ్చిన రోజూ నచ్చిన గంటా ఈ రోజే ఏరుకుంటాడు. ఏడాది పొడుగునా చందా కట్టిన నేను వారం ముందు లేచి, అతను వదిలేసింది ఏరుకోవాలి. రైలు టికెట్లు, బస, సెలవు ఇవన్నీ నెలల ముందు చూసుకోవాల్సిన దూరపు మనిషికి వారం గడువు దేనికి పనికొస్తుంది?

పైగా శనివారం మధ్యాహ్నం దాకా మెడల్ అనే క్లబ్బు పోటీ. అది స్థానిక పూర్తి సభ్యులకే. కంట్రీ మెంబర్లు పోటీలో ఆడకూడదు, ఆ వేళలో విడిగానూ ఆడకూడదు. ఆడవాళ్ళమని ఆపుతున్నారేమో అనుకున్నాను గానీ అది కాదు. 2010 సమానత్వ చట్టం వచ్చాక ఇద్దర్నీ చేర్చుకునే క్లబ్బు ఆడ సభ్యులకొక రూలు, మగ సభ్యులకొక రూలు పెట్టకూడదు. ఈ రూలు దూరపువాళ్ళందరికీ ఒకటే. "విజిటర్ల డబ్బు వల్లే మీ చందా తక్కువగా ఉంది, మేడమ్" అన్నాడాయన, మొదటిసారి నా వైపు చూసి. అది నిజమే కావచ్చు. రెండో ఏడాది నుంచి 640ని 140తో భాగిస్తే ఐదు రౌండ్లకే గిట్టుబాటవుతుందని కాగితం మీద వేసి చూపించాడు. లెక్క సరైనదే. ఆ ఐదు రౌండ్లూ ఏ రోజు, ఏ గంటకు అన్న దగ్గరే తేడా.

బయటికొస్తూ నోటీసు బోర్డు చదివాను. నవంబరు నుంచి మార్చి దాకా ఫెయిర్‌వే (గ్రీను దాకా ఉండే పచ్చిక దారి) మీద బంతిని చిన్న మ్యాట్ ముక్క మీద పెట్టి కొట్టాలట, గడ్డి దెబ్బతినకుండా. లింక్స్‌లో చలికాలం ఇది మామూలే, తప్పు పట్టను. కానీ మేం వచ్చిందే చలికాలపు ఆట కోసమని మూడుసార్లు చెప్పినా ఈ మ్యాట్ మాట ఆయన నోట రాలేదు.

ఆ రాత్రి బస కూడా అలాగే ఏడ్చింది. గోల్ఫర్లకు అనుకూలం అని ప్రకటన, గదికి 145 పౌండ్లు. బ్యాగులు లోపలికి తేవద్దు, కారులోనే ఉంచండన్నారు. తడిసిన బూట్లు ఆరబెట్టే గది లేదు. రాత్రి తొమ్మిదింటికి హీటర్ ఆపేశారు. నేను బూట్లలో పేపర్లు కుక్కి, హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని బాత్రూంలో కూర్చున్నాను. పొద్దున టిఫిన్ ఎనిమిదిన్నరకట, మా టీ టైం 8:12. రెండు టోస్టులు కట్టివ్వమంటే వంటావిడ ఇంకా రాలేదన్నారు. స్కాట్లాండులో ఇప్పుడు ఇలాంటి బసలకు లైసెన్సు ఉండాలి, ప్రకటనలో ఆ నంబరు వేయాలి. వీళ్ళ ప్రకటనలో నంబరే లేదని తర్వాత చూశాం. మీరు ముందే చూసుకోండి.

ఉత్తరానికి ఎ9 రోడ్డు. డంబ్లేన్ నుంచి ఇన్వర్నెస్ దాకా సగటు వేగం కొలిచే కెమెరాలున్నాయి, ఒకచోట దూకించి ఇంకోచోట తగ్గిస్తే కుదరదు. మా మరిది దారి పొడుగునా సణిగాడు.

డోర్నాక్‌లో ఒక రౌండ్ ఆడాం. ఆ ఊళ్ళో గోల్ఫ్ ఆడినట్టు 1616 నాటికే రాతలున్నాయి. అమెరికాలో పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సు రూపొందించిన డోనల్డ్ రాస్ పుట్టింది ఇక్కడే, 1872లో. గ్రీన్లు బోర్లించిన మూకుళ్ళలా ఉంటాయి, సరిగ్గా పడిన బంతి కూడా పక్కకు జారిపోతుంది. ఇంత గొప్ప కోర్సు మళ్ళీ ఎప్పుడు చూస్తానో తెలీదు. అయినా చేరాలనిపించలేదు. పేరున్న చోట విజిటర్ల తాకిడి ఎలా ఉంటుందో అప్పటికే రుచి చూశాం. ఇంకో చిక్కు, డోర్నాక్‌కి రైలు లేదు, ఆ లైను 1960లోనే మూసేశారు. కారు లేకుండా రావాలనుకునేవాళ్ళు ఇన్వర్నెస్ నుంచి ఉత్తరానికి వెళ్ళే లైను మీద టేన్, గోల్స్పీ, బ్రోరా వైపు చూడటం మంచిది.

బ్రోరా మా అందరికీ నచ్చింది. పాతకాలపు పేరున్న గోల్ఫర్ జేమ్స్ బ్రెయిడ్ తీర్చిన కోర్సు. మేం వెళ్ళినప్పుడు గొర్రెలూ ఆవులూ ఫెయిర్‌వేల మీదే మేస్తున్నాయి, అవి గ్రీను తొక్కకుండా చుట్టూ మోకాలెత్తున కరెంటు తీగ ఉంది. కాలు జాగ్రత్తగా ఎత్తి దాటి వెళ్ళి పట్ చేయాల్సి (బంతిని గుంతలోకి నెట్టాల్సి) వచ్చింది. తీగలో కరెంటు నిజంగా ఉందా అని మా మరిదికి అనుమానమొచ్చి వేలుతో ముట్టాడు. కెవ్వుమన్న కేకకు ఆవు కూడా తలెత్తి చూసింది.

క్లబ్‌హౌసులో కల్లెన్ స్కింక్ అని సూప్ ఉంది, 8.50. పొగబెట్టిన హాడక్ చేప, బంగాళదుంప, ఉల్లి, పాలు. "చేపలో పాలేంటి వదినా, బొల్లి వస్తుంది" అని మా మరిది గిన్నె నా వైపు జరిపాడు. ఒక చెంచా రుచి చూసి మళ్ళీ తన వైపు లాక్కున్నాడు. ఆ తర్వాత ఏ ఊళ్ళో ఆగినా ముందు అదే అడగడం. బస కూడా ఈసారి బాగా కుదిరింది, గదికి 92 పౌండ్లు. బాయిలర్ పక్కనే బూట్ల అలమర, ఆరున్నరకే వేడి పారిడ్జ్ (ఓట్స్ జావ).

చివరికి చేరింది ఆ చుట్టుపక్కలే ఉన్న ఒక చిన్న క్లబ్బులో. దీని పేరూ రాయను, రాస్తే మా టీ టైములకే ఎసరు. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) పక్కన చెక్కపెట్టె. విజిటర్లు కవరు మీద పేరు రాసి 35 పౌండ్లు లోపల వేసి, చీటీ చించి బ్యాగుకు కట్టుకోవాలి. కాపలా ఎవరూ లేరు. సెక్రటరీ ఒక పెద్దావిడ, తోటపని గ్లవుజులతోనే వచ్చి తాళం తీసింది. ముందు నన్నే అడిగింది, నీ హ్యాండికాప్ ఎంతని. 22.4 అంటే పెన్సిల్‌తో రాసుకుంది. కంట్రీ చందా 210. చేరే ఫీజు లేదు, బార్ డిపాజిట్ లేదు. బుకింగ్ విజిటరుకైనా సభ్యుడికైనా 14 రోజుల ముందే. శనివారం మెడల్‌లో మేమూ ఆడొచ్చు. ఆ స్కోరు వరల్డ్ హ్యాండికాప్ సిస్టమ్ ద్వారా మా ఇంటి క్లబ్బు రికార్డుకే చేరుతుంది, చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసి సగటు కడతారు గనక ఇక్కడ బాగా ఆడినా లాభమే. బ్యాగులు వదిలి వెళ్ళడానికి ఏడాదికి 15. ఆరు రౌండ్లతో చందా గిట్టుతుంది.

లోటు లేదని కాదు. పచ్చిక అక్కడక్కడా బోడిగా ఉంది, బంకర్లలో (ఇసుక గుంటల్లో) కుందేళ్ళ బొరియలు. డిసెంబరులో అక్కడ పగలు ఏడు గంటలు కూడా ఉండదు, రోజుకొక్క రౌండుతో సరి. అదే జూన్‌లో రాత్రి పదింటికీ బంతి కనిపిస్తుంది కాబట్టి మా ఆయన రెండు రాకల్లో ఒకటి వేసవికి మార్చుదామంటున్నారు. ఇంకా తేలలేదు.

మీరూ ఇలా వెతుకుతుంటే బుకింగ్ గడువు, పోటీల హక్కు, చలికాలపు రూళ్ళు మెయిల్లో రాయించుకోండి, ఫోన్లో మాటలు నమ్మకండి. చందా ఏడాది ఏ నెలలో మొదలవుతుందో కూడా అడగండి. ఆ పెద్ద క్లబ్బుది ఏప్రిల్ నుంచి, మేం సెప్టెంబరులో చేరినా పూర్తి 640 కట్టమన్నారు. చిన్న క్లబ్బావిడ మిగిలిన నెలలకే లెక్కగట్టి తీసుకుంది.

మా ఫారాలు నింపుతుంటే మా మరిది గోడ మీద చీటీ చదివి, 25 పౌండ్లు కట్టి సోషల్ మెంబరుగా చేరిపోయాడు. ఆట ఉండదు, తిండి మీద పది శాతం తగ్గింపు. ఇక్కడా సూపు 8.50 అనుకుంటే 30 గిన్నెలు తాగితేగానీ గిట్టదని చెప్పాను. తాగుతానన్నాడు.