ఏ ఓడ మేలు? ముందు అందులో ఎవరెక్కుతారో చూడండి

మొన్న రాత్రి కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి విశాఖ నుంచి మా ఆడపడుచు ఫోను. “వదినా, వచ్చే ఏడాదికి అమ్మానాన్నల పెళ్లయి 50 ఏళ్లు. ఇద్దర్నీ ఓడ ఎక్కిద్దామనుంది, అన్నయ్యతో కూడా అన్నాను. నువ్వు రెండుసార్లు వెళ్లొచ్చావు కదా, ఏ ఓడ మంచిదో చెప్పు.”

తను అప్పటికే చాలా చూసిపెట్టుకుంది. ఏ ఓడకి ఎన్ని అంతస్తులు, ఎన్ని ఈతకొలనులు, ఏ గదికి బాల్కనీ ఉంది, అన్నీ గడగడా చదివింది. అంతా విని నేనొక్కటే అడిగాను. “మూడు రోజులూ మావయ్యగారి పక్క బల్ల దగ్గర ఎవరు కూర్చుంటే ఆయనకి బాగుంటుంది?”

అటునుంచి కాసేపు మాట లేదు.

ఈ ప్రశ్న నాకు మా ఇంట్లోనే దొరికింది. మావయ్యగారి తండ్రి కుర్రతనంలో గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లారు. ఆ రోజుల్లో గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి బర్మాకి కూలికి పోయేవాళ్లకి గోపాలపూర్, కళింగపట్నం, విశాఖ, కాకినాడ రేవులే దారి. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు తీసుకెళ్లేవి. దొరలకి గదులు, మనవాళ్లకి డెక్కు. చాప పరుచుకున్నంత మేరే మన జాగా. “చాప వేసే ముందు పక్క చాప ఎవరిదో చూసుకునేవాళ్లం” అని చెప్పేవారట ఆయన. ఇప్పటి ఓడల్లో చాపలు లేవు గానీ చిక్కు అదే. హోటలు నచ్చకపోతే మర్నాడు మారిపోవచ్చు, రైలు నచ్చకపోతే పలాసలో దిగిపోవచ్చు. ఓడ కదిలాక మాత్రం ఎక్కినవాళ్లతోనే తినాలి, వాళ్లు పెట్టుకున్న పాటలే వినాలి, వాళ్ల పిల్లల అల్లరి మధ్యే కునుకు తియ్యాలి.

కంపెనీ పేరు చూస్తే ఆ జనం ఎవరో సగమే తెలుస్తుంది. మిగతా సగం ఎన్ని రాత్రుల ప్రయాణమో చూస్తే తెలుస్తుంది. 2, 3 రాత్రులైతే ఎక్కువ సెలవు దొరకని ఉద్యోగులు, స్నేహితుల గుంపులు ఎక్కుతారు, వాళ్లు ఒక్క రాత్రి కూడా నిద్రకి వదలరు. 10 రాత్రులు దాటిందంటే రిటైరైనవాళ్లే ఎక్కువ, అంత తీరిక ఇంకెవరికుంది? ఇక బడి సెలవుల్లో ఏ ఓడైనా పిల్లల ఓడే. ఏ రేవులో బయల్దేరుతుందన్నది అన్నిటికన్నా ముఖ్యం. మన వైపు వాళ్లు దాన్ని పట్టించుకోరు, అందుకే ముందు దాని సంగతి చెప్తాను.

మనకి దగ్గరది కార్డీలియా అనే కంపెనీ వాళ్ల ఎంప్రెస్. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ. రాయల్ కరీబియన్ చేతిలో మొదట నార్డిక్ ఎంప్రెస్, తర్వాత ఎంప్రెస్ ఆఫ్ ది సీస్, 2021 సెప్టెంబరు నుంచి ముంబైలో మనవాళ్లని ఎక్కించుకుని తిరుగుతోంది. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్లేటప్పుడు అందులో గుజరాతీలు, మరాఠీలు, ఆఫీసు బృందాలు ఎక్కువ. చెన్నై నుంచి శ్రీలంకకి నడిస్తే తమిళులు. 2022 జూన్‌లో ఒకసారి, మళ్లీ 2025 జూలైలో కొన్నాళ్లు విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు నడిచింది. అప్పుడు ఎటు చూసినా తెలుగువాళ్లే.

మేం 2025 జూలైలో ఎక్కాం. బరంపురంలో వందేభారత్ ఎక్కి విశాఖలో దిగాం, పాస్‌పోర్టు అక్కర్లేదు, గుర్తింపు కార్డులు చాలు. భోజనాల దగ్గర మా పక్క బల్ల మీద అనకాపల్లి బెల్లం వ్యాపారి కుటుంబం. మొదటి రోజు నమస్కారాలు. రెండో రోజు పొద్దున్న నేను కాఫీ తెచ్చుకునేలోపు వాళ్ల పెద్దావిడ మా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ అల్లేస్తోంది. “నూనె రాయవేటమ్మా దీనికి?” అని నన్నే కోప్పడింది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ ఓడ వాతావరణం అచ్చంగా పెళ్లివారి విడిది. హిందీ పాటలు, ఆటల పోటీలు, అంత్యాక్షరి, పిల్లల పరుగులు. ఎవరి పిల్లాడు ఏడ్చినా పదిమంది పలకరిస్తారు. ఒంటరిగా కూర్చుని సముద్రం చూద్దామనుకునేవాళ్లకి అది సరిపడదు. కాసినో కూడా ఉంది. 2022లో ఆ కారణంగానే పుదుచ్చేరిలో అభ్యంతరం చెప్పి ఓడని ఆగనివ్వలేదు. జూదం పేరెత్తితే ముఖం ముడుచుకునే పెద్దలుంటే వాళ్లకి ముందే చెప్పి తీసుకెళ్లాలి.

రెండోది సింగపూర్ నుంచి నడిచే జెంటింగ్ డ్రీమ్. రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్ వాళ్లది, 2022 జూన్ 15న అక్కడ మొదలైంది. లక్షా 50 వేల టన్నుల ఓడ, ఎంప్రెస్‌కి మూడింతలు. ఇచ్ఛాపురంలో ఉండే మా అమ్మని తీసుకుని 2023లో వెళ్లాను. ఓడలో ఎవరెక్కుతారో తెలియాలంటే దాని వంటగది చూడమంటాను నేను. ఈ ఓడలో హలాల్ వంట ఉంది, జైనులకి ఉల్లి, వెల్లుల్లి లేని శాకాహారం ఉంది. అందుకే అటు మలేషియా, ఇండోనేషియా ముస్లిం కుటుంబాలు, ఇటు మన మార్వాడీలు, గుజరాతీలు ధైర్యంగా ఎక్కుతారు. వాళ్లతోపాటు సింగపూర్ చైనావాళ్లు. తాత, కొడుకు, మనవడు మూడు తరాలూ కలిసి వచ్చేవాళ్లే ఎక్కువ. మా అమ్మకి అక్కడ పప్పన్నానికి లోటు రాలేదు. మాటకి లోటొస్తుందని భయపడ్డాను.

రెండో సాయంత్రం అమ్మ బరంపురం పట్టు కట్టుకుంది. ముదురు ఆకుపచ్చ, ఎర్రంచు, అంచు పొడుగునా కుంభాలు. లిఫ్టులో పెనాంగ్ నుంచి వచ్చిన ఒక చైనా ముసలమ్మ ఆ అంచు వైపే చూస్తూ మెల్లగా వేలితో ఒక కుంభం మీద రాసింది. అమ్మ వెనక్కి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, కొంగు తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. “మా వీధి మగ్గం మీద నేసిందమ్మా ఇది” అని తెలుగులోనే చెప్పింది. ఆవిడ తన భాషలో ఏదో చెప్పి, తన జాకెట్టు చేతి మీద కుట్టిన పువ్వు చూపించింది. ఆ తర్వాత దిగేదాకా ఇద్దరూ పొద్దున్న టిఫిన్ దగ్గర ఒకరికొకరు చోటు ఆపుకున్నారు. ఒక్క మాటైనా ఇద్దరికీ కలవలేదు. పెద్దవాళ్లున్న ఓడలో పెద్దవాళ్లకి తోడు దానంతటదే దొరుకుతుందని నేను అక్కడ కళ్లారా చూశాను.

అదే సింగపూర్ నుంచి రాయల్ కరీబియన్ ఓడలూ నడుస్తాయి. ఈ మధ్య ఏళ్లలో స్పెక్ట్రమ్, ఆంథమ్ లాంటివి నడిచాయి. చాలామంది ఈ రెండు కంపెనీలనీ టికెట్టు ధరతో పోల్చి వదిలేస్తారు. లోపలి మనుషుల తీరు పూర్తిగా వేరు. రాయల్ కరీబియన్‌లో ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు ఎక్కువ. సింగపూర్ వాళ్లు, ఆస్ట్రేలియా వాళ్లు, మన హైదరాబాద్, బెంగళూరు ఐటీ ఉద్యోగులు. స్పెక్ట్రమ్, ఆంథమ్ లాంటి వాటిలో గాలిలో తేలించే గొట్టం, సముద్రానికి 300 అడుగుల ఎత్తుకి తీసుకెళ్లే గాజు గది, ఢీకొట్టుకునే బొమ్మ కార్లు ఉంటాయి. 13 ఏళ్ల కుర్రాడికి అది స్వర్గం, కాదనను. ఒక ఇంటివాళ్లు ఎక్కినా తలో దిక్కు పోయి రాత్రి భోజనానికే కలుస్తారు. ఆ మధ్యలో పెద్దవాళ్లు ఏం చేస్తారన్నది ఎవరికీ గుర్తుండదు. మా ఆడపడుచు జాబితాలో మొదటి పేరు ఇదే. తన పిల్లల కోసమైతే నేనూ ఇదే చెప్పేదాన్ని.

సింగపూర్ ఓడల్లో ఏది ఎక్కినా వీసా చూసుకోవాలి. ఓడ దేశం దాటి వెళ్లి మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి ఒక్కసారికే పనికొచ్చే వీసా చాలదు.

అమెరికాలోనో లండన్‌లోనో పిల్లలున్నవాళ్లు నన్ను వేరే పేర్లు అడుగుతుంటారు. వాటిల్లో నేను ఎక్కలేదు, తెలిసినంత చెప్తాను. 1972లో మొదలైన కార్నివాల్ సామాన్య అమెరికన్ కుటుంబాల ఓడ. సందడి, పొట్టి నిక్కర్లు, పగలంతా పాటలు. రాయల్ కరీబియన్ వాళ్లదే 2024 జనవరిలో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో 7,600 మంది దాకా పడతారు, ఇచ్ఛాపురం పట్టణ జనంలో దాదాపు ఐదో వంతు ఒక్క ఓడలో! యూరప్‌లో నడిచే ఎమ్మెస్సీ ఓడల్లో ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్ వాళ్లు కలిసి ఉంటారు, ఒకే ప్రకటన నాలుగైదు భాషల్లో వస్తుంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రైల్లో హిందీ మాట్లాడుకునే మనకి అదేం వింత కాదు. క్యూనార్డ్ వాళ్ల క్వీన్ మేరీ 2 సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి 7 రాత్రులు వెళ్తుంది. పెద్ద గ్రంథాలయం, జంటలు నాట్యం చేసే హాలు, కొన్ని రాత్రులు మర్యాద దుస్తుల విందు. మన పట్టుచీరకి, పంచెకి అక్కడ గౌరవమే.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. ‘పిల్లల్ని ఎక్కించుకోరు’ అనగానే ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు. వైకింగ్ సముద్రపు ఓడల్లో 18 ఏళ్లలోపు వాళ్లకి చోటు లేదు. వర్జిన్ ఓడల్లోనూ లేదు. నియమం ఒకటే, లోపల ఉన్నవి రెండు లోకాలు. వైకింగ్‌లో 900 పైచిలుకు మంది, ఎక్కువగా 55 దాటినవాళ్లు. కాసినో లేదు, వెళ్లబోయే ఊరి చరిత్ర మీద ఉపన్యాసాలు ఉంటాయి. వర్జిన్‌లో పచ్చబొట్టు పొడిచే దుకాణం ఉంది, తెల్లవార్లూ ఆట, పాట. ఖల్లికోట కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మా పెదనాన్నగారిని వైకింగ్ ఎక్కిస్తే దిగనంటారు. పొరపాటున రెండోది ఎక్కిస్తే మొదటి రేవులోనే దిగి ఇంటికి ఫోన్ చేస్తారు.

2024 ఏప్రిల్ 28న విశాఖ కొత్త క్రూజ్ టెర్మినల్‌కి ది వరల్డ్ అనే ఓడ వచ్చింది. అందులో ఉండేవాళ్లు టికెట్టు కొన్నవాళ్లు కారు, ఆ ఓడలో ఇళ్లు కొనుక్కున్నవాళ్లు. పక్క చాప ఎవరిదో చూసుకోవడం అంతదాకా వెళ్లిందన్నమాట.

మా ఇంటి సంగతికొస్తాను. అత్తయ్యకి 71, మావయ్యగారికి 76. ఇద్దరికీ తెలుగు, ఒడియా వచ్చు, హిందీ అంతంత మాత్రం. “కార్డీలియాలో రాత్రంతా పాటలంటున్నావు, అమ్మ నిద్రపోగలదా?” అని అడిగింది ఆడపడుచు. న్యాయమైన ప్రశ్నే. అయితే రెండేళ్లకోసారి బరంపురంలో అమ్మవారి పండగ, ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడు అత్తయ్యని చూశాను నేను. మామూలు రోజుల్లో తొమ్మిదింటికి దీపం ఆర్పే మనిషి, వేషాలు వీధిలోకి వస్తున్నాయంటే అర్ధరాత్రి దాటినా అరుగు మీంచి లేవదు. డప్పులు అప్పుడు ఆవిడకి గోల కాదు. చుట్టూ ఉన్నది తన మనుషులని తెలిస్తే చప్పుడు బాధించదు. భాష తెలియని చోట నిశ్శబ్దంగా ఉన్నా ఆవిడకి నిద్ర పట్టదు. బరంపురంలో నేతవాళ్ల దేరా వీధిలో పుట్టిన మనిషి మరి.

అందుకే నా ఓటు విశాఖ నుంచి బయల్దేరే కార్డీలియాకి. రెండో చోటు జెంటింగ్ డ్రీమ్‌ది, అదీ బడి సెలవులు లేని రోజుల్లో. అమ్మతో వెళ్లిన ఓడ మీద నాకెంత ప్రేమున్నా, పెద్దవాళ్లిద్దరికీ పాస్‌పోర్టు, వీసా, విమానం అంటే ఓడ ఎక్కేలోపే సగం ఓపిక అయిపోతుంది.

విశాఖ ఓడకీ ఇబ్బందుల్లేకపోలేదు. పెళ్లిరోజు మాఘంలో. ఆ ఓడ విశాఖకి ఇప్పటిదాకా వచ్చింది వానాకాలం మొదట్లో. ఏడాది పొడుగునా ఉండదు, కాబట్టి తేదీ మనం పెట్టేది కాదు, ఓడని బట్టి మనమే సర్దుకోవాలి. ఆషాఢంలో మా పట్టు కొట్టుకీ బేరాలు తక్కువే, ఇంట్లో అందరం కదలొచ్చు. ఆ రోజుల్లో బంగాళాఖాతం ఊరుకోదు, పైగా 48 వేల టన్నుల ఓడ ఈ రోజుల లెక్కలో చిన్నది. ఊగుతుంది. అందుకని కింది అంతస్తుల్లో, ఓడ నడిమధ్యన, పైనా కిందా గదులే ఉన్న గది తీసుకోవాలి. ఊపూ తక్కువ, ఈతకొలను చప్పుడూ తక్కువ. తల తిరగకుండా మాత్ర ఏది వేసుకోవాలో మావయ్యగారి గుండె డాక్టరునే అడగాలి.

ఇదంతా చెప్తుంటే మావయ్యగారు వరండాలోంచి లోపలికి వచ్చి నిలబడ్డారు. ఎంతసేపట్నుంచి వింటున్నారో.

“ఆ విశాఖ ఓడ గోపాలపూర్ మీంచి పోద్దేటమ్మా?”

“లేదు మావయ్యగారూ. కిందికి, పుదుచ్చేరి వైపు పోతుంది.”

ఆయన కాసేపు ఆలోచించారు. “సరే. కిటికీ ఉన్న గదే తియ్యమను” అని చెప్పి పడుకోవడానికి వెళ్లిపోయారు.