సీఎస్ఎస్ ప్రొఫైల్ రివ్యూ: డబ్బుల్లేవని చెప్పుకోవడానికీ డబ్బులే కట్టాలి

అమెరికాలో డిగ్రీ చదవాలని ఉండి, ఇంట్లో అంత స్తోమత లేక, కాలేజీనే ఆర్థిక సాయం అడగాలనుకునే విదేశీ విద్యార్థికి చాలాచోట్ల ఈ సీఎస్ఎస్ ప్రొఫైల్‌తో, అంటే ఇంటి డబ్బు లెక్కలు కాలేజీలకి చెప్పుకునే ఫారంతో పని పడుతుంది. ఎస్ఏటీ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డే దీన్ని ఆన్‌లైన్లో నడుపుతుంది. మా తమ్ముడి కోసం మేమిద్దరం పక్కపక్కన కూర్చుని నింపాం, తర్వాత తెలిసినవాళ్ల పిల్లలకీ సాయం చేశాను, కాబట్టి లోపల ఏముందో బాగానే తెలుసు. నా మాట ముందే చెప్పేస్తాను. ఫారం మంచిదే, ఫీజు అన్యాయం, మనకి అన్నిటికంటే ముందు తెలియాల్సిన సంగతి మాత్రం ఇందులో ఎక్కడా ఉండదు. అయిదుకి మూడు స్టార్లు.

ముందు ఫీజు. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆ తర్వాత చేర్చే ఒక్కో కాలేజీకీ 16. పది కాలేజీలకి పంపితే 169 డాలర్లు అవుతుంది. అడ్మిషన్ అప్లికేషన్ ఫీజు వేరే, పరీక్షల ఫీజులు వేరే, ఇది కేవలం "మా దగ్గర లేవండీ" అని చెప్పుకోవడానికి. అమెరికాలోనే ఉండే విద్యార్థి అయితే, ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష డాలర్ల వరకూ ఉన్నా డిగ్రీ అప్లికేషన్లకి ఈ ఫీజు దానంతట అదే మాఫీ అయిపోతుంది. లక్ష డాలర్లు! విదేశీ విద్యార్థికి ఆ మాఫీ లేదు, ఇంట్లో ఏడాది మొత్తానికి మూడు వేల డాలర్లు వచ్చినా సరే చివరి పేజీలో కార్డు వివరాలు అడుగుతుంది. ఎవరికి అవసరం ఎక్కువో తేల్చడానికే పుట్టిన ఫారం, అందరికంటే అవసరం ఎక్కువున్నవాళ్ల దగ్గరే డబ్బు వసూలు చేస్తుంది. దీన్ని ఎవరు ఎలా సమర్థించినా నాకు మింగుడుపడదు. ఒక స్టార్ ఇక్కడే పోయింది.

అయితే దీనికో దారి ఉంది, చాలామందికి తెలియక డబ్బు కట్టేస్తారు. కాలేజీల దగ్గర పేమెంట్ కోడ్లు ఉంటాయి. విదేశీ విద్యార్థి ఫీజు కట్టలేనని ఆ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ రాస్తే కొన్ని కాలేజీలు కోడ్ పంపుతాయి, కొన్ని లేదంటాయి, కొన్ని "నీ అడ్మిషన్ అప్లికేషన్ ముందు రానీ" అంటాయి. మెయిల్ నాలుగు లైన్లు చాలు. పేరు, దేశం, ఇంటి ఏడాది ఆదాయం సుమారుగా డాలర్లలో, కోడ్ ఇవ్వగలరా అన్న ప్రశ్న, అంతే. మన కష్టాలన్నీ రెండు పేజీలు రాయాల్సిన పని లేదు, అవి చెప్పడానికి ఫారంలోనే చోటుంది. కోడ్ ఏ కాలేజీ ఇస్తే ఆ కాలేజీకే పనికొస్తుంది కాబట్టి ఒక్కొక్కళ్లనీ విడిగా అడగాలి, అదీ గడువుకి చాలా ముందే, ఎందుకంటే డబ్బు కట్టి పంపేశాక కోడ్ వస్తే దాన్ని ఏం చేసుకోవాలి?

కోడ్ ఇవ్వని కాలేజీని "మరి ఈ ఫారం బదులు ఇంకేదైనా ఒప్పుకుంటారా" అని అడిగి చూడండి. కొన్ని కాలేజీలకి విదేశీ విద్యార్థుల కోసం ఉచితంగా వేరే ఫారం ఉంటుంది. ప్రిన్స్‌టన్ సంగతే చూడండి, చాలా ఏళ్లు దానికి సొంత ఫారమే ఉండేది, దానికి ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేకపోయేది. అంత పెద్ద విశ్వవిద్యాలయం ఉచితంగా నడిపించగలిగినప్పుడు మిగతావాళ్లకి ఏం అడ్డమొచ్చిందో!

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చేసుకుందాం. ఫాఫ్సా అని ఇంకో ఫారం పేరు వింటూ ఉంటారు. అది అమెరికా ప్రభుత్వ సాయం కోసం, పౌరులకీ గ్రీన్‌కార్డు లాంటివి ఉన్నవాళ్లకీ. ఎఫ్‌1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లకి పెల్ గ్రాంటూ (బీద విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని డబ్బు) రాదు, ప్రభుత్వ అప్పూ రాదు. మనకి వచ్చేది ఏదైనా కాలేజీ సొంత జేబులోంచే రావాలి, అందుకే ఈ ఫారం.

ఇక ఫారం లోపలికి వెళ్తే, నిజం చెప్పాలంటే నేను అనుకున్నదానికంటే బాగుంది. ప్రతి ఏటా అక్టోబర్ 1న తెరుచుకుంటుంది, సేవ్ చేసుకుంటూ మెల్లగా నింపొచ్చు. అంకెలన్నీ మన దేశపు కరెన్సీలోనే రాయొచ్చు, డాలర్లలోకి అదే మార్చుకుంటుంది, మనం క్యాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆదాయం, బ్యాంకులో నిల్వ, ఇల్లు, పొలం, వ్యాపారం, అప్పులు, తోబుట్టువుల చదువు ఖర్చు, వైద్యం ఖర్చు, ఇలా ఒక్కోటీ అడుగుతుంది. మొదటిసారి చూస్తే ఇంట్లో దూరి బీరువా వెతుకుతున్నట్టే ఉంటుంది. కానీ ఆలోచిస్తే ఈ వివరమే బీదవాడికి మేలు, ఎందుకంటే ఆదాయం ఒక్కటే చూస్తే కనపడని అప్పులూ మందుల ఖర్చూ ఇక్కడ కనపడతాయి.

చిక్కంతా నెలజీతం లేని ఇళ్లతో. కూలికి వెళ్లే తండ్రి, ఇంట్లో కుట్టుపని చేసే తల్లి, పంట వచ్చిన ఏడాది ఒకలా రాని ఏడాది ఇంకోలా ఉండే లెక్క, ఇవన్నీ ఆ గళ్లలో ఇమడవు. ఆదాయపు పన్ను రిటర్న్ ఎప్పుడూ వేయని ఇల్లు అయితే మరీ. ఫారం రెండేళ్ల క్రితపు ఆదాయాన్ని ఆధారంగా అడుగుతుంది, ఈలోపు ఉద్యోగం పోయి ఉండొచ్చు, ఎవరైనా మంచాన పడి ఉండొచ్చు. వీటన్నిటికీ చివర్లో ప్రత్యేక పరిస్థితులు రాసుకునే పెట్టె ఒకటి ఉంటుంది, ఫారం మొత్తంలో నాకు నచ్చింది అదే. అందులో ఏడుపు రాయకండి, లెక్క రాయండి. "ఫలానా ఏడాది నాన్న ఆదాయం ఇంత, ఈ ఏడాది ఇంత, కారణం ఇది, దీనికి కాగితం ఇది." ఎయిడ్ ఆఫీసులో చదివే మనిషికి కావాల్సింది అంకె ఎలా వచ్చిందో తెలియడం. తిండికీ అద్దెకీ అయ్యే ఖర్చు ఆదాయం కంటే ఎక్కువ రాస్తే మిగతాది ఎక్కడినుంచి వచ్చిందని కచ్చితంగా అడుగుతారు, బంధువులు ఇచ్చారా, అప్పా అనేది ముందే రాసేస్తే ఒక మెయిల్ తప్పుతుంది.

తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలకి ఇది ఇంకో రకం బాధ. చాలా కాలేజీలు విద్యార్థితో కలిసి ఉండని తల్లి లేదా తండ్రి కూడా విడిగా ఫారం నింపాలంటాయి, ఏళ్ల తరబడి మాటల్లేని మనిషిని పట్టుకుని బ్యాంకు లెక్కలు అడగమంటే ఏ పిల్ల అడుగుతుంది? మినహాయింపు అడగొచ్చు, టీచరో ఇంకెవరైనా తెలిసిన పెద్దమనిషో రాసిన ఉత్తరం జతచేసి. ఇచ్చేదీ లేనిదీ ఏ కాలేజీకి ఆ కాలేజీ తేల్చుకుంటుంది.

పత్రాలు కొన్ని కాలేజీలు కాలేజ్ బోర్డ్ వాళ్లదే ఐడాక్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఎక్కించమంటాయి, కొన్ని సొంత పోర్టల్లో. ఇంగ్లీషులో లేనివాటికి అనువాదం కావాలి. సర్టిఫైడ్ అనువాదమే కావాలా, మీరే చేసి సంతకం పెడితే చాలా అనేది ముందే అడగండి, ఊరికే డబ్బు పోసుకోకుండా.

"మీ తల్లిదండ్రులు ఏడాదికి ఎంత కట్టగలరు" అనే ప్రశ్న దగ్గర అందరికీ టెన్షన్ వస్తుంది. ఎక్కువ రాస్తే సీటు వస్తుందేమో అన్న ఆశతో లేని అంకె వేసేవాళ్లున్నారు. వేయకండి. రేపు సీటు వచ్చాక వీసాకి కావాల్సిన ఐ20 అనే పత్రం కాలేజీ ఇవ్వాలంటే, కాలేజీ ఇచ్చే సాయం పోను మిగతా డబ్బు మీ దగ్గర ఉందని కాగితాలు చూపించాలి, వీసా ఆఫీసర్ కూడా అదే అడుగుతాడు. పదిహేను వేల డాలర్లు కడతామని రాసి రెండు వేలు కూడా లేకపోతే ఆ సీటు చేతిలోంచి జారిపోతుంది.

ఇప్పుడు ఈ ఫారం చెప్పని అసలు సంగతి. సాయం అడిగినందుకే సీటు పోతుందా లేదా అనేది. కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అని చూడకుండానే సీటు సంగతి తేలుస్తాయి, దీన్నే నీడ్ బ్లైండ్ అంటారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ చాలాకాలంగా ఇదే పద్ధతిలో ఉన్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ చేరాయి, ఆ తర్వాత బ్రౌన్, నోటర్‌డామ్ కూడా. చిన్న జాబితా, పైగా వీటిలో ఎక్కువ భాగం వందమంది అప్లై చేస్తే పదిమందికి కూడా సీటు ఇవ్వనివి. మిగతావన్నీ దాదాపుగా నీడ్ అవేర్, అంటే మీకు ఎంత సాయం కావాలో కూడా చూసి తేలుస్తాయి. అలాంటివాటిలోనూ స్టాన్‌ఫర్డ్, విలియమ్స్, స్వార్త్‌మోర్ లాంటివి సీటు ఇస్తే మాత్రం లెక్కతేలిన అవసరం మొత్తం తీరుస్తాయి. ఇంకోవైపు బర్క్లీ, యూసీఎల్ఏ లాంటి కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు డిగ్రీకి వచ్చే విదేశీ విద్యార్థులకి ఆర్థిక అవసరాన్ని చూసి ఇచ్చే సాయం చేయవు. పేరు గొప్పదని అక్కడ ఆశ పెట్టుకోవడం అనవసరం.

మరి పేరు పెద్దగా వినని కాలేజీల సంగతి ఎలా తెలుస్తుంది? ప్రతి కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" (కాలేజీలు తమ అంకెలు బయటపెట్టే పత్రం) అని కొట్టి వెతకండి. అందులో హెచ్6 అనే భాగం ఉంటుంది, విదేశీ డిగ్రీ విద్యార్థుల్లో ఎంతమందికి కాలేజీ సాయం ఇచ్చింది, సగటున తలకి ఎన్ని డాలర్లు అనేది అక్కడ అంకెల్లో ఉంటుంది. ఏడాది ఖర్చు ఎనభై వేల డాలర్లు ఉన్నచోట సగటు సాయం అరవై వేలు ఉంటే ఫీజు కట్టి పంపడంలో అర్థం ఉంది. సగటు సాయం పన్నెండు వేలే ఉన్నచోట, ఇంట్లో ఏమీ లేనివాళ్లు 16 డాలర్లు కూడా పెట్టక్కర్లేదు. సైట్లో ఎంత అందమైన బొమ్మలున్నా సరే, ముందు హెచ్6 చూడండి, తర్వాతే సీఎస్ఎస్ ప్రొఫైల్లో ఆ కాలేజీ పేరు చేర్చండి. దీనికి కాలేజ్ బోర్డ్ సైట్లో ఒక్క లింకు ఇచ్చినా ఇంకో స్టార్ ఇచ్చేవాణ్ణి.

కెంటకీలోని బెరియా కాలేజీ గురించి కూడా ఒక మాట. ట్యూషన్ ఫీజు ఎవరి దగ్గరా తీసుకోదు, బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు క్యాంపస్‌లో పని చేయాలి. చేర్చుకున్న విదేశీ విద్యార్థులకి మొదటి ఏడాది మొత్తం ఖర్చు తనే చూసుకుంటుంది. సీట్లు బాగా తక్కువ, కానీ బీద విద్యార్థి జాబితాలో ఇది లేకపోతే ఆ జాబితా ఎవరు తయారుచేశారో వాళ్లని అడగాలి.

జాబితా అంటే గుర్తొచ్చింది. మాకు పరిచయమైన ఒక కన్సల్టెన్సీ ఈ ఫారం నింపిపెట్టడానికి కాలేజ్ బోర్డ్ ఫీజుకి ఎన్నో రెట్లు అడిగింది, పైగా వాళ్లకి పేమెంట్ కోడ్ల సంగతే తెలియదు. ఇలాంటివాళ్లకి ఒక్క డాలర్ ఇవ్వకండి. అమెరికా విదేశాంగ శాఖ నడిపే ఎడ్యుకేషన్‌యూఎస్ఏ కేంద్రాలు 170కి పైగా దేశాల్లో ఉన్నాయి. అక్కడ అడిగితే నిష్పక్షపాతంగా చెప్తారు. కొన్ని దేశాల్లో వాళ్లే ఆపర్చునిటీ ఫండ్స్ అనే కార్యక్రమం కింద, బాగా చదివే బీద విద్యార్థులకి పరీక్ష ఫీజులు, అప్లికేషన్ ఖర్చులు, వీసా ఫీజు, విమానం టికెట్ దాకా చూసుకునేవాళ్లు, ఇప్పుడు మీ దేశంలో ఉందో లేదో అడిగి చూడండి. ఉంటే, దానికి పన్నెండో తరగతి మొదలవకముందే అప్లై చేయడం మంచిది.

సాయం ఇచ్చామని ఉత్తరం వచ్చాక చాలామంది సంబరంలో చూడని ఖర్చొకటి ఉంది. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్‌కీ తప్పనిసరి ఫీజులకీ పుస్తకాలకీ పోయేదాని మీద పన్ను ఉండదు. హాస్టల్, భోజనం కింద ఇచ్చిన భాగం మీద ఎఫ్‌1 విద్యార్థికి సాధారణంగా 14 శాతం కోస్తారు, మీ దేశానికి అమెరికాతో పన్ను ఒప్పందం ఉంటే లెక్క మారొచ్చు. ఆ భాగం 20,000 డాలర్లు ఉంటే 2,800 డాలర్లు. అది ఎవరు కడతారు? కొన్ని కాలేజీలు సర్దుతాయి, కొన్ని మీ ఖాతాలో బిల్లు వేస్తాయి. హెల్త్ ఇన్సూరెన్స్ ప్యాకేజీలో ఉందా, విమానం ఖర్చు లెక్కలో వేశారా అని కూడా అప్పుడే అడగండి. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు తరగతులు జరిగే రోజుల్లో, కాబట్టి అక్కడికెళ్లి సంపాదించి కట్టేస్తా అనే లెక్కలు పెట్టుకోకండి.

మొదటి ఏడాది సాయం అడగకుండా చేరిపోయి తర్వాత అడుగుదామనే తెలివితేటలూ వద్దు. చాలా కాలేజీలు చేరేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి తర్వాత నాలుగేళ్లూ తలుపు తెరవవు. అడ్మిషన్ గడువూ ఈ ఫారం గడువూ ఒకటే అనుకోకండి, ఎర్లీ రౌండ్‌లో (అందరికంటే ముందు అప్లై చేసే విడతలో) చాలాచోట్ల ఇది నవంబర్ మొదట్లోనే అడుగుతారు, మళ్లీ కొన్నిచోట్ల ఏటా కొత్తగా నింపాలి. కోడ్ల కోసం మెయిళ్లు సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టండి.