మోస్‌బర్గ్ 590 షాక్‌వేవ్: 26 అంగుళాల హద్దు మీద నిలిచిన తుపాకీ

2017లో మార్కెట్లోకి వచ్చిన మోస్‌బర్గ్ 590 షాక్‌వేవ్‌ను టెక్సస్‌లోని ఒక రేంజ్‌లో రెండు వారాంతాల పాటు అద్దెకు తీసుకుని, శిక్షకుని సమక్షంలో కాల్చి చూశాను. ఇంటి రక్షణ కోసం దీన్ని కొందామనుకుంటున్న మన తెలుగువారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

చట్టం తెలియనిదే దీని ఆకారం అర్థం కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, 18 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ (గొట్టం) ఉన్న షాట్‌గన్‌ను, అంటే ఒక్క తూటాతో చాలా గుళికలను వెదజల్లే తుపాకీని, ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఈ నిబంధన 1934 నుంచీ ఉంది. అయితే షాట్‌గన్ అంటే భుజానికి ఆనించి కాల్చడానికి తయారైనదని అదే చట్టం నిర్వచిస్తుంది. షాక్‌వేవ్ బ్యారెల్ 14 అంగుళాల పైచిలుకే అయినా, భుజానికి ఆనించే బట్ లేకుండా, పక్షి తలలా వంగిన పిడితోనే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది కనుక చట్టం దృష్టిలో అది షాట్‌గన్ కాదు. మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గితే మరో వర్గం కింద నమోదు తప్పదు. దీని పొడవు 26.37. అంటే అంగుళంలో మూడో వంతు మీద ఈ తుపాకీ నిలబడి ఉంది.

చేతిలోకి తీసుకోగానే తేలికగా అనిపిస్తుంది. బరువు రెండున్నర కిలోల లోపే. సేఫ్టీ మీట పైభాగాన, సరిగ్గా బొటనవేలికి అందేచోట ఉండటం, ముందు చెయ్యి జారి బ్యారెల్ కొస ముందుకు పోకుండా పట్టీ కట్టి ఉండటం నాకు ఎంతో నచ్చాయి. వంపు తిరిగిన పిడి వల్ల 12 గేజ్ (గొట్టం లావు కొలత) తూటా పేలినప్పటి వెనుదెబ్బ మణికట్టు మీద నేరుగా పడదు. కానీ గురి సంగతి వేరు. బట్ ఉన్న తుపాకీకి చెంప ఆనించి చూస్తాం. దీన్ని రెండు చేతులతోనే గాలిలో నిలిపి ఉంచాలి. ఏడు గజాల దూరంలోని కాగితం మీద నా మొదటి మూడు తూటాలూ పక్కకే పోయాయి. ముందు చేతిని ముందుకు తోస్తూ, పిడిని వెనక్కి లాగి పట్టడం అలవాటయ్యాకే కుదిరింది.

కొనే ముందు కొన్ని విషయాలు తప్పక తెలుసుకోవాలి. డీలర్ దగ్గర కొనడానికి 21 ఏళ్లు నిండాలి. హెచ్‌-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర పెట్టుకోకూడదు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. నమోదు లేకుండా బట్ తగిలిస్తే పదేళ్ల వరకు జైలు పడే నేరమవుతుంది. రాష్ట్రాల చట్టాలూ వేరుగా ఉంటాయి: టెక్సస్‌లోనే 2017 సెప్టెంబరు 1న చట్టం మారాకే దీనికి దారి దొరికింది.

పొట్టి షాట్‌గన్ నమోదుకు కట్టాల్సిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. నమోదు మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఈ ఆకారాన్ని భరించడానికి ఉన్న కారణం సగం పోయినట్టే. ఇంటి కోసమే అయితే, ఈ ఫెడరల్ నమోదు అక్కర్లేని 18.5 అంగుళాల బ్యారెల్, బట్ ఉన్న మామూలు 590నే కొనమంటాను.