హనుమకొండ పుస్తకాల పండుగకు వెళ్తే సాయంత్రం వెళ్లండి

కథల వర్క్‌షాప్ అని మనిషికి 300 కట్టించుకుని, పదింటికల్లా రమ్మని, పన్నెండు దాటేదాకా శాలువాలు కప్పుకుంటూ కూర్చున్నారు. ముందు ఈ మాట చెప్పేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావడం లేదు.

నేనూ మా అక్కా కరీంనగర్‌లో పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, రెండు గంటల దారి, ఏ ఇబ్బందీ లేదు. హనుమకొండ బస్టాండ్ నుంచి మైదానానికి ఆటో అతను 150 అడిగి 80కి వచ్చాడు.

కథ ఎత్తుకోవడం, సంభాషణ రాయడం నేర్పిస్తామని పోస్టర్‌లో వేశారు. అక్క తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. కొత్త నోట్‌బుక్కు కొనుక్కుని మరీ వచ్చి ముందు వరుసలో కూర్చుంది. జ్యోతి ప్రజ్వలన అయ్యాక వేదిక మీదికి పదకొండు మందిని పిలిచారు. ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫోటో. ఫోటోగ్రాఫర్ ఆలస్యంగా వచ్చాడని మొదటి ఇద్దరి శాలువాలు విప్పి మళ్లీ కప్పారు! అక్క సీరియస్‌గా ఏదో రాసుకుంటుంటే పాఠం మొదలైందేమోనని తొంగి చూశాను. శాలువాలు లెక్కపెడుతోంది. రెండోసారి కప్పినవీ కలిపి 13.

అసలు కథకుడికి మిగిలింది అరగంట. ఆయన మాత్రం బంగారం. 'మీ ఇంట్లో ఈమధ్య జరిగిన గొడవను, తప్పెవరిదో చెప్పకుండా ఐదు వాక్యాల్లో రాయండి' అన్నారు. హాలంతా తల వంచుకుని రాసింది. చదవడం మొదలుపెట్టామో లేదో, భోజనాలకు లేవమని మైకులో చెప్పేశారు. సర్టిఫికెట్‌లో అక్క పేరు తప్పు పడింది. అక్కడికక్కడే ఎర్ర పెన్నుతో దిద్ది, మళ్లీ ప్రింట్ చేసివ్వండని చేతిలో పెట్టింది. అది ఇప్పటికీ రాలేదు.

మధ్యాహ్నం కవి సమ్మేళనం. మనిషికి మూడు నిమిషాలు, తర్వాత గంట కొడతారు. పొద్దున శాలువాలకు లేని గంట కవులకెందుకో నాకర్థం కాలేదు. ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తాల పక్కన రాత్రంతా కాపలా పడుకున్న తండ్రి గురించి ఒక డిగ్రీ అమ్మాయి చదువుతుంటే మధ్యలో గంట కొట్టారు. వెనక నుంచి ఒక పెద్దాయన 'చదవనీయుండ్రి సార్' అని గట్టిగా అరిచాడు. అమ్మాయి మొత్తం చదివింది. ఆ మధ్యాహ్నానికి అదొక్కటి చాలు.

పుస్తకాల స్టాళ్ల విషయానికొస్తే, కొత్త పుస్తకాల మీద పది శాతం తగ్గింపని బోర్డులుంటాయి. నాలుగైదు పుస్తకాలు కలిపి కొంటే ఇరవై అడగండి, ఇస్తారు. అక్కకు కాళోజీ కవిత్వం కావాలి. మడికొండలో పెరిగి, ఈ ఊరినే తన ఊరు చేసుకున్న మనిషి. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని రాష్ట్రమంతా తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటుంది. అలాంటిది మేం అడిగిన ఏ స్టాల్‌లోనూ ఒక్క కాపీ లేదు. 'త్వరగా ధనవంతులు కావడం ఎలా' తరహా అనువాదాలు మాత్రం గుట్టలు గుట్టలు. అక్క మొహం మాడిపోయింది. చివర మూలన పాత పుస్తకాలతను 40కి ఒకటి చొప్పున ఇస్తుంటే అక్కడ కూలబడి ఏడు ఏరుకుంది. అప్పుడు గానీ నవ్వలేదు. ముందే తెలిస్తే 1904 నాటి గ్రంథాలయం, రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఈ ఊళ్లోనే ఉంది కదా, పొద్దున వర్క్‌షాప్ మానేసి అక్కడికే పోయేవాళ్లం.

తిండి దగ్గర మోసం లేదు. మహిళా సంఘం వాళ్ల స్టాల్‌లో సర్వపిండి 30. నువ్వులు, పల్లీలు దండిగా వేసి, అంచు కరకరలాడేలా కాల్చారు. రెండోది అడిగితే ఉల్లిగడ్డ తరుగు ఊరికే పెట్టారు.

రాత్రి ఏడింటికి ఒగ్గుకథ. టికెట్ లేదు, శాలువాలూ లేవు. మల్లన్న కథ, గొల్ల కేతమ్మతో పెండ్లి ఘట్టం. డోలు దెబ్బకు కుర్చీలు అదురుతున్నాయి. పేరున్న ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్యను కన్న జనగామ ఇక్కడికి దగ్గరే, ఐనవోలు మల్లన్న జాతర ఇంకా దగ్గర. అందుకే జనంలో సగం మందికి కథ ముందే తెలుసు, అయినా ఎవరూ కదల్లేదు. వంత పాడేవాడు ముందు వరుసలో ఒకాయన దగ్గరికొచ్చి, 'మా మల్లన్నకు ఇద్దరు, నీకెందరే బావా?' అన్నాడు. ఆయన కన్నా ముందు ఆయన భార్యే జవాబిచ్చింది, 'ఒక్కదానికే దిక్కులేదు' అని. మైదానం గొల్లుమంది.

లాడ్జి మాత్రం వద్దు. ఫోన్‌లో 1,400 అన్న ఏసీ గదికి, కౌంటర్ దగ్గరికొచ్చేసరికి రిమోట్ ఇవ్వడానికి 300 అదనమన్నారు. గోడ మీద 24 గంటల చెకౌట్ అని బోర్డు. తెల్లారి తొమ్మిదింటికే ఖాళీ చేయమని తలుపు బాదారు. బోర్డు చూపిస్తే, 'అది పాతదమ్మా' అన్నాడు. లాడ్జిలో దిగేవాళ్లు రేటు, చెకౌట్ టైము రెండూ వాట్సాప్‌లో రాయించుకోండి. నన్నడిగితే రాత్రి బస్సుకు ఇంటికి పోవడమే నయం.

పిల్లలుంటే పొద్దున వేయిస్తంభాల గుడి, భద్రకాళి చూపించి, నాలుగింటికి మైదానానికి వెళ్లండి. మాకు పుస్తకాలు, తిండి, ఆటోలు కలిపి 1,640 అయింది, లాడ్జికి 1,700. వర్క్‌షాప్ 600 వాపసు ఇవ్వమని నిర్వాహకులకు మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నిన్న మాత్రం అదే నంబర్ నుంచి వచ్చే ఏడాది వర్క్‌షాప్ పోస్టర్ వచ్చింది. ఈసారి ఫీజు 400.