హూశాంపుల్డ్: ర్యాప్ పాటల పుట్టుపూర్వోత్తరాలు విప్పే సైటు

హిప్‌హాప్ ఎక్కడ మొదలెట్టాలని ఎవరినడిగినా ఒకే జాబితా చేతిలో పెడతారు. టూపాక్, బిగ్గీ, ఎమినెమ్, కెండ్రిక్. తప్పేం లేదు, నలుగురూ ఉద్దండులే. కానీ ఆ నలుగురూ అయిపోయాక ఏం వినాలో తోచదు. పాటల యాప్ తనంతట తాను అల్లిచ్చే ప్లేలిస్టులూ తిప్పితిప్పి మళ్లీ ఆ పేర్ల దగ్గరికే తెస్తాయి. నన్ను ఆ గానుగలోంచి బయటపడేసింది హూశాంపుల్డ్.

2008లో లండన్‌లో మొదలైన సైటు ఇది, యాప్ కూడా ఉంది. చేసే పని ఒక్కటే: ఏ పాటలో ఏ పాత పాట ముక్క ఉందో చెప్పడం. పాట పేరు కొడితే, అది ఎవరి దగ్గర తీసుకుందో, దాన్నుంచి ఎవరు తీసుకున్నారో వరసగా వస్తాయి. ఒకటి నొక్కితే పాతదీ కొత్తదీ రెండు వీడియోలూ ఒకే పేజీలో ఉంటాయి. ఆ ముక్క ఏ నిమిషం ఏ సెకను దగ్గరొస్తుందో కూడా రాసి ఉంటుంది. రికార్డు నుంచి నేరుగా కోసుకున్నదా, మళ్లీ వాయించినదా అన్న తేడా కూడా చూపిస్తారు. 1979 నాటి 'రాపర్స్ డిలైట్'లో షిక్ బృందం 'గుడ్ టైమ్స్' మోగుతున్నట్టే ఉంటుంది గానీ, ఆ వాద్యం స్టూడియోలో వేరేవాళ్లు మళ్లీ వాయించినది.

నేను తబలా నేర్చుకున్నవాణ్ణి, నా చెవి మాటకన్నా ముందు దరువు మీదికి పోతుంది. అందుకే 'అమెన్, బ్రదర్' పేజీ వదిలి కదల్లేకపోయాను. ద విన్‌స్టన్స్ బృందం 1969లో ఓ రికార్డుకు వెనకవైపు వేసిన పాట అది. మధ్యలో అందరూ ఆగిపోతారు, గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే దాదాపు 7 సెకన్లు డ్రమ్స్ వాయిస్తాడు. నాలుగే నాలుగు ఆవర్తాలు, అంటే తాళం నాలుగు చుట్లు. మొదటి రెండూ ఒకేలా నడుస్తాయి. మూడోదాంట్లో ఒక స్నేర్ డ్రమ్ దెబ్బ కొంచెం ఆలస్యంగా పడుతుంది. నాలుగోదాంట్లో సమం మీద, అంటే ఆవర్తం మొదలయ్యే చోట, ఏమీ కొట్టకుండా ఖాళీ వదిలేస్తాడు. ఆ ఖాళీకే ఒళ్లు జలదరిస్తుంది! ఎన్.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ బృందం 1988లో 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్'కు వాడుకున్నది ఈ ముక్కనే. వాళ్లేనా, వేల పాటలు దీనిమీద బతికాయి. 2006లో పోయిన కోల్‌మన్‌కు మాత్రం చిల్లిగవ్వ ముట్టలేదు.

వీడియోల దారిలో వెళ్లినా తీగ దొరుకుతుంది. మిస్సీ ఎలియట్ 1997 పాట 'ద రెయిన్' చూడండి. గాలి నింపిన నల్ల సూటులో ఆవిడ, చేపకన్ను లెన్సుతో వంచేసిన ఫ్రేములు. దర్శకుడు హైప్ విలియమ్స్, బీట్ టింబలాండ్‌ది. అందులో వాన గురించి పాడే గొంతు ఎవరిదా అని వెతికితే యాన్ పీబుల్స్ దొరికింది, 1973 పాట. ఇప్పుడు నేను మిస్సీ కన్నా ఆవిణ్ణే ఎక్కువ వింటున్నాను.

మనవాళ్లూ తగులుతారు. ట్రూత్ హర్ట్స్ 2002 పాట 'అడిక్టివ్'లో లతా మంగేష్కర్, ఎం.ఐ.ఏ. 2007 'బాంబూ బంగా'లో ఇళయరాజా 'దళపతి' పాట. మొదటిదాంట్లో సంగీత దర్శకుడు బప్పీ లాహిరి పేరు వేయలేదని వ్యవహారం అమెరికా కోర్టుదాకా పోయింది.

అన్నిటికీ ఈ సైటొక్కటే సరిపోదు. అభిమానులు పంపితే నిర్వాహకులు సరిచూసి పెట్టే సమాచారం కాబట్టి, ఎవరూ పంపనిది ఇందులో ఉండదు. పైగా మాటల జోలికి పోదు. ర్యాప్‌లో సగం ప్రాణం మాటదే కదా! దానికి జీనియస్ సైటు తెరవాల్సిందే, అక్కడ పాదం పాదానికీ వివరణ ఉంటుంది. చైల్డిష్ గాంబినో 'దిస్ ఈజ్ అమెరికా' (2018) లాంటి వీడియోకు ఈ రెండూ చాలవు. దర్శకుడు హిరో మురాయ్, ముందువైపు నాట్యం చూపిస్తూ వెనక అల్లకల్లోలం నడిపిస్తాడు. దాన్ని కళ్లప్పగించి రెండుసార్లు చూడాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే ర్యాప్ బృందం పేరు కొట్టండి. 'కెన్ ఐ కిక్ ఇట్?' నొక్కితే లూ రీడ్ 1972 పాట వస్తుంది. ముందు ఆ పాతది పూర్తిగా వినండి, ట్రైబ్ వాళ్ల పాటను ఆ తర్వాతే ముట్టుకోండి.