కెమికల్ బ్రదర్స్, ఆర్బిటల్: 2023 ఆల్బమ్‌లలో ఏది ముందు వినాలి?

మన హన్మకొండ, వరంగల్‌లో డీజే అంటే బరాత్, నిమజ్జనం, తీన్మార్. ఆ బేస్ దెబ్బ ఇష్టమైన వాళ్లు కెమికల్ బ్రదర్స్ 'ఫర్ దట్ బ్యూటిఫుల్ ఫీలింగ్', ఆర్బిటల్ 'ఆప్టికల్ డెల్యూజన్' రెండూ వినాలి. ఈ రెండు బృందాలూ ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ చేసే ఇంగ్లండ్ జోడీలే, మూడు దశాబ్దాలుగా జనాన్ని ఆడిస్తున్నవే. పేరులో బ్రదర్స్ ఉన్న టామ్ రోలాండ్స్, ఎడ్ సైమన్స్ మాంచెస్టర్ యూనివర్సిటీలో కలిసిన దోస్తులు. సొంత అన్నదమ్ములు ఆర్బిటల్‌లోని ఫిల్, పాల్ హార్ట్‌నాల్.

ఊపు కావాలంటే కెమికల్ బ్రదర్సే. 'నో రీజన్'లో ఆ బేస్ వరస మొదలైందంటే కాలు ఆగదు. ఫ్రెంచ్ గాయని హాలో మాడ్ పాడిన 'లివ్ అగెయిన్'లో ఆమె గొంతు సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) హోరులో మునుగుతూ తేలుతూ వస్తుంది, కాజీపేటలో రైలెక్కి పెట్టుకుంటే కిటికీ పక్కన వినడానికి అంతకన్నా మంచి పాట నాకు తెలియదు.

ఆర్బిటల్‌ది వేరే దారి. మొదటి పాటే మన పిల్లలు స్కూల్లో చేతులు పట్టుకుని తిరుగుతూ పాడే రింగా రింగా రోజెస్! మిడీవల్ బేబ్స్ అనే ఆడవాళ్ల బృందం దాన్ని పాడుతుంటే కింద నుంచి బీట్ లేస్తుంది, పైగా పేరు పక్కనే 'పాత మహమ్మారి జానపదం' అని పెట్టారు, కరోనా రోజులు గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. 'డర్టీ ర్యాట్'లో స్లీఫోర్డ్ మాడ్స్ అనే ఇంకో ఇంగ్లండ్ జోడీ కోపం సూటిగా తగులుతుంది. కానీ పాటకో గొంతు కావడంతో మధ్యలో పట్టు సడలుతుంది.

అందుకే మొత్తం ఆల్బమ్‌గా నా ఓటు కెమికల్ బ్రదర్స్‌కే. ఒక్క పాటకే టైముంటే మాత్రం ఆర్బిటల్ రింగా రింగా వినండి, అదీ మంచి ఇయర్‌ఫోన్స్‌తో, ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ సగం కూడా వినబడదు.